అమెరికా ఆదాయపు పన్ను రిటర్నును, సహాయధనమును: కోయంబత్తూరు, మధుర ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఒక వివరణ

ప్రస్తావన

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని తెలుగువారికి దూరదేశములకు తరలిపోవుట కొత్త విషయము కాదు. విజయనగర దండయాత్రల కాలమునను, 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధురలో నాయకరాజ్యమును నెలకొల్పిన పిమ్మటను మన పూర్వులు పలువురు ఈ దక్షిణ మండలములకు వచ్చి స్థిరపడిరి. కొందరు పాళెముల నేలిరి. కొందరు నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించిరి. కొందరు మగ్గములు నడపిరి. 1910లో కుప్పుస్వామినాయుడుగారు కోయంబత్తూరులో లక్ష్మీ మిల్లును స్థాపించిరి. 1951లో అదే నగరమున పి.ఎస్.జి. సాంకేతిక కళాశాలయు, 1957లో మధురలో త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. ఇట్టి కళాశాలలలో చదివిన మన బిడ్డలు అనేకులు నేడు అమెరికాలో నున్నారు. వారితోపాటు ఆ దేశపు చట్టములును మన యిండ్లలోనికి వచ్చినవి.

అర్థముకాని ఆంగ్లపు కాగితము వచ్చినపుడు దానిని వీథిలోని ఉపాధ్యాయునికి చూపుట మన పేటలలో పాత వాడుక. తెలుగు పాఠములు చెప్పుకొను నా యొద్దకును అట్టి కాగితమొకటి 2020 మే నెలలో వచ్చినది. మా వీథిలోని యొక తండ్రి తన సెల్‌ఫోనులో ఒక లేఖ బొమ్మను చూపెను. అమెరికాలో ఎం.ఎస్. చదువుచున్న కుమారుని బ్యాంకు ఖాతాలో 1,200 డాలర్లు పడినవనియు, దానిని గురించి అచటి ప్రభుత్వము పంపిన లేఖ యిదియే యనియు చెప్పెను. "అయ్యవారూ, ఇది అప్పా, దానమా? మావాడు ఉంచుకోవచ్చునా?" అని యడిగెను. "ప్రభుత్వమువారే పంపినపుడు సందేహమెందుకు? ఉంచుకొనవచ్చును" అని నేను బదులు చెప్పితిని.

ఆ మాట తప్పు. ఆ సొమ్ము ఆ విద్యార్థికి చెందదగినది కాదు. అతడు నింపవలసిన ఫారమొకటి, నింపినది మరియొకటి. ఆ యొక్క పొరపాటువలననే డబ్బు వచ్చినది. నా తప్పును దిద్దుకొనుటకై ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొంటిని. తెలిసికొన్న దానిని మనవారికి ఉపయోగపడునట్లు ఈ వ్యాసమున వివరించుచున్నాను. దీని సారాంశము ఒక్కటియే: అమెరికాలో పన్ను రిటర్ను కేవలము పన్ను కట్టుటకు మాత్రమే కాదు, ప్రభుత్వమునుండి సొమ్ము పొందుటకును అదియే ద్వారము; కావున రాబడి లేనివాడును కొన్నివేళల దానిని దాఖలు చేయవలెను, తనది కాని దానిని ఎవ్వడును దానియందు కోరరాదు.

రేషను కార్డును, పన్ను రిటర్నును

మన తమిళనాడున కరోనా కాలపు సహాయము ఏ మార్గమున వచ్చినదో ముందుగా జ్ఞప్తికి తెచ్చుకొందము. 2020 ఏప్రిల్ మాసమున బియ్యము పొందు రేషను కార్డు గల కుటుంబమునకు 1,000 రూపాయలు ఇచ్చిరి. 2021 మే, జూన్ నెలలలో రెండు విడతలుగా 2,000 రూపాయల చొప్పున మొత్తము 4,000 రూపాయలు ఇచ్చిరి. ఈ రెండవ పర్యాయము సుమారు 2 కోట్ల 7 లక్షల కుటుంబములకు ఈ యేర్పాటు జరిగినది. మనము రేషను అంగడికి పోయి, కార్డు చూపి, నగదు తెచ్చుకొంటిమి. అనగా ఇచట ప్రభుత్వము కుటుంబమును గుర్తించునది రేషను కార్డు ద్వారా. కార్డు లేని యింటికి, ఆ యిల్లు ఎంత బీదదైనను, ఈ సహాయము అందలేదు.

అమెరికాలో దేశమంతటికిని ఇట్టి కుటుంబ కార్డు లేదు. కాని ప్రజలలో అధిక సంఖ్యాకులు ఏటేట ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయుదురు. దానిలో భార్యాభర్తల పేర్లు, బిడ్డల పేర్లు, ఆదాయము, చిరునామా, బ్యాంకు ఖాతా సంఖ్య యుండును. కావున సొమ్ము పంచు పనిని అచటి కాంగ్రెసు ఆదాయపు పన్ను శాఖకే అప్పగించినది. ఈ శాఖకు ఇంటర్నల్ రెవెన్యూ సర్వీసు అని పేరు, వాడుకలో ఐ.ఆర్.ఎస్. అందురు. ఈ పద్ధతి 2020లో కొత్తగా పుట్టినది కాదు. 2008లో ఆర్థిక మాంద్యము వచ్చినపుడును ఒంటరివారికి 600 డాలర్ల వరకును, దంపతులకు 1,200 డాలర్ల వరకును ఇట్లే పంచిరి.

ఆదాయపు పన్ను రెండు దేశములలోను దాదాపు ఒకే కాలమున పుట్టినది. భారతదేశమున 1860లో జేమ్సు విల్సను దానిని ప్రవేశపెట్టెను. అమెరికాలో అంతర్యుద్ధపు ఖర్చులకై 1861లో మొదట విధించి, 1872లో తీసివైచి, 1913లో రాజ్యాంగమును సవరించి తిరిగి స్థిరపరచిరి. నాటినుండి అచటి ప్రధానమైన ఫారమునకు 1040 అను సంఖ్యయే నిలిచియున్నది. రిటర్నును విద్యుత్ సాధనముల ద్వారా పంపు పద్ధతి 1986లో మూడు నగర ప్రాంతములలో పరీక్షగా ఆరంభమైనది. నేడు అత్యధికులు అంతర్జాలము ద్వారానే పంపుచున్నారు.

సహాయధనము యొక్క స్వరూపము

ఈ సొమ్మును జనులు స్టిమ్యులస్ చెక్కు అని పిలిచిరి. చట్టము దృష్టిలో ఇది దానమును కాదు, అప్పును కాదు. పన్నులో నుండి తగ్గించు మొత్తము. సామాన్యముగా పన్నులో తగ్గింపు అనినచో కట్టవలసిన పన్ను ఉన్నంతవరకే చెల్లును. 500 డాలర్ల పన్ను గలవానికి 1,200 డాలర్ల తగ్గింపు నిచ్చినచో పన్ను సున్న యగును. మిగిలిన 700 వ్యర్థమగును. కాని యీ తగ్గింపు ప్రత్యేకమైనది. మిగిలిన 700 డాలర్లును చేతికి వచ్చును. పన్ను బొత్తిగా లేనివానికి 1,200 డాలర్లును చేతికే వచ్చును. సంవత్సరాంతము వరకు ఆగకుండ దీనిని ముందుగానే చెల్లించిరి. కావుననే రిటర్నుతో దీనికి ఇంత గట్టి సంబంధము. ఈ సొమ్ము ఆదాయము క్రింద లెక్కకు రాదు. దానిపై అచట పన్ను లేదు.

మూడు పర్యాయములు ఇట్టి చట్టములు వచ్చినవి. 2020 మార్చి 27 నాటి చట్టము పెద్దలకు 1,200 డాలర్ల చొప్పునను, 17 ఏండ్లలోపు బిడ్డకు 500 డాలర్ల చొప్పునను ఇచ్చినది. 2020 డిసెంబరు 27 నాటి చట్టము పెద్దలకును అట్టి బిడ్డలకును తలకు 600 డాలర్ల చొప్పున ఇచ్చినది. 2021 మార్చి 11 నాటి చట్టము తలకు 1,400 డాలర్లు ఇచ్చినది. ఇందు పిల్లలకే గాక, ఆధారపడిన ఏ వయస్సువారికైనను వర్తించినది. భార్య, భర్త, ఇద్దరు చిన్నబిడ్డలు గల యర్హమైన కుటుంబమునకు మొదట 3,400, పిదప 2,400, కడపట 5,600, మొత్తము 11,400 డాలర్లు రావలసియుండెను.

ఆదాయము పెరిగినకొలది ఈ మొత్తము తగ్గును. ఒంటరివానికి 75,000 డాలర్లు, కలిసి రిటర్ను వేయు దంపతులకు 1,50,000 డాలర్లు హద్దు. మొదటి రెండు చట్టములలో హద్దు దాటిన ప్రతి 100 డాలర్లకు 5 డాలర్లు తగ్గును. పై కుటుంబపు ఆదాయము 1,60,000 డాలర్లనుకొందము. హద్దుకు పైన 10,000 కలదు, తగ్గింపు 500. కావున మొదటి పర్యాయము 2,900, రెండవ పర్యాయము 1,900 డాలర్లు వచ్చును. మూడవ చట్టములోనో దంపతులకు 1,60,000 వద్దనే, ఒంటరివానికి 80,000 వద్దనే మొత్తము సున్న యగును. అదే కుటుంబమునకు, అదే ఆదాయముతో, మూడవసారి ఒక్క డాలరు కూడ రాదు. "రెండుసార్లు వచ్చినది, మూడవసారి ఏల రాలేదు? ఎవరైన దిగమింగిరా?" అని మన యిండ్లలో కలిగిన సందేహమునకు కొన్నియెడల ఇదియే సమాధానము.

ఎవరికి చెందును, ఎవరికి చెందదు

అర్హతకు ముఖ్యముగా మూడు ప్రశ్నలు.

మొదటిది సోషల్ సెక్యూరిటీ సంఖ్య. పని చేయుటకు అనుమతి గలవారికి ఇచ్చు తొమ్మిదంకెల సంఖ్య యిది. ఈ సంఖ్య పొందలేనివారు పన్ను లెక్కకై వేరొక సంఖ్యను పొందుదురు, దానిని ఐ.టి.ఐ.ఎన్. అందురు. హెచ్-1బి వీసాపై పనిచేయువారికి మొదటి సంఖ్య యుండును. వారి వెంట హెచ్-4 వీసాపై వెళ్లి, పని అనుమతి లేని భార్యకు గాని భర్తకు గాని తరచుగా రెండవ సంఖ్య మాత్రమే యుండును. మొదటి చట్టము, సైన్యమున నున్నవారికి దప్ప, దంపతులు కలిసి రిటర్ను వేసినచో ఇరువురికిని సోషల్ సెక్యూరిటీ సంఖ్య యుండవలెనని నిర్బంధించినది. దీనివలన ఒకరికి ఆ సంఖ్య లేకపోయినను కుటుంబమున కంతటికిని, అచటనే పుట్టిన పౌరులైన బిడ్డలకును సొమ్ము రాకపోయెను. ఇది మనవారిలో అనేకులకు తగిలిన దెబ్బ. డిసెంబరు చట్టము ఈ నిర్బంధమును వెనుకటి తేదీనుండియే సడలించినది. సంఖ్య గల భార్యకు గాని భర్తకు గాని, సంఖ్య గల బిడ్డలకును సొమ్ము పొందు హక్కు కలిగినది. మొదట పోయిన 1,200 డాలర్లను, బిడ్డల 500 డాలర్లను 2020వ సంవత్సరపు రిటర్నులో కోరుకొనవచ్చునని తేలినది. ఆ సంగతి తెలిసి రిటర్నులో వ్రాసినవారు పొందిరి, తెలియనివారు పోగొట్టుకొనిరి.

రెండవ ప్రశ్న నివాసము. పన్ను చట్టములో నివాసి యగుటకు వీసా పేరు చాలదు, దినములు లెక్కించవలెను. పౌరుడు కాక, గ్రీను కార్డు లేనివాడు ఆ సంవత్సరమున కనీసము 31 దినములు అచట నుండవలెను. అంతేగాక, ఆ సంవత్సరపు దినములన్నియు, గడచిన యేటి దినములలో మూడవ వంతు, దానికి ముందటి యేటి దినములలో ఆరవ వంతు కలిపినచో 183 కావలెను. ఏటేట 120 దినములు బిడ్డల యింట గడపు తల్లిదండ్రులకు 120, 40, 20 కలిసి 180 యగును. వారు నివాసులు కారు. ఏటేట 150 దినములు గడపువారికి 150, 50, 25 కలిసి 225 యగును. వేరు మినహాయింపు చూపనిచో వారు నివాసుల లెక్కలోనికి వత్తురు. 2020 వసంతమున విమానములు నిలిచిపోయి చిక్కుకొన్నవారికై 60 దినముల వరకు లెక్కనుండి తీసివేయు వెసులుబాటును ఐ.ఆర్.ఎస్. కల్పించినది. ఐనను సందర్శకులైన తల్లిదండ్రులకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య యుండదు గనుక, ఎన్ని దినములున్నను సహాయధనము వారికి చెందలేదు.

విద్యార్థుల సంగతి వేరు. ఎఫ్-1 వీసాపై నున్నవారి దినములు సామాన్యముగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరములు లెక్కకే రావు. నాలుగేండ్లు అచట చదివినను అట్టివాడు చట్టదృష్టిలో అనివాసియే. అతనికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య యుండవచ్చును, జీతము రావచ్చును, పన్ను కట్టవచ్చును. ఐనను సహాయధనము లేదు. అతడు నింపవలసినది 1040 కాదు, అనివాసులకై యేర్పడిన 1040-ఎన్.ఆర్. అను ఫారము. విద్యార్థి చదువు ముగించి అక్టోబరు 1వ తేదీన హెచ్-1బి కి మారినచో, ఆ యేట లెక్కకు వచ్చునవి 92 దినములే. కావున ఆ యేడును సామాన్యముగా అతడు అనివాసియే. మరుసటి యేడు పూర్తిగా అచటనే యున్నచో నివాసి యగును.

మూడవ ప్రశ్న ఆధారము. గ్రీను కార్డు పొంది కుమారునితో నివసించుచు, అతని పోషణలో నున్న తల్లిదండ్రులను కుమారుడు తన రిటర్నులో ఆధారితులుగా చూపదగియున్నచో, మొదటి రెండు పర్యాయములు వారి నిమిత్తము వారికిని రాలేదు, కుమారునికిని రాలేదు. మూడవ పర్యాయము మాత్రము, సంఖ్య గలవారైనచో, తలకు 1,400 కుమారుని రిటర్ను ద్వారా రాదగియుండెను.

అమెరికా పౌరసత్వము పొంది, వార్ధక్యమున కోయంబత్తూరునకు గాని మధురకు గాని తిరిగివచ్చిన పెద్దలు కొందరున్నారు. పౌరులు ఏ దేశమున నివసించినను వారికి అమెరికా పన్ను చట్టము వర్తించును. అట్లే తక్కిన అర్హతలున్నచో సహాయధనమును చెందినది. ఆదాయము తక్కువై రిటర్ను వేయవలసిన పని లేదని ఊరకున్నవారు అట్లే నష్టపోయిరి.

అంతర్జాలము ద్వారా దాఖలు చేయు విధము

రాబడి తక్కువైన కారణమున రిటర్ను వేయనివారికై ఐ.ఆర్.ఎస్. 2020 ఏప్రిల్ 10న తన వెబ్‌సైటులో ఒక ప్రత్యేక సాధనమును తెరచినది. పేరు, చిరునామా, సోషల్ సెక్యూరిటీ సంఖ్య, బిడ్డల వివరములు, బ్యాంకు ఖాతా వ్రాసినచో చాలును. ఆ సాధనము 2020 నవంబరు 21 వరకు పనిచేసినది. తరువాత ముఖ్యమైన మార్గము రిటర్నే. మొదటి రెండు పర్యాయముల బాకీని 2020వ సంవత్సరపు రిటర్నులోను, మూడవదానిని 2021వ సంవత్సరపు రిటర్నులోను, రెండింటియందును 30వ వరుసలో వ్రాయవలసియుండెను. ఆ వరుసకు రికవరీ రిబేటు క్రెడిట్ అని పేరు. 2020లో పుట్టిన బిడ్డకు 500ను 600ను, 2021లో పుట్టిన బిడ్డకు 1,400ను ఈ వరుస ద్వారానే చేరినవి.

పరిమిత ఆదాయము గలవారు రుసుము లేకుండ రిటర్ను పంపుటకు ఫ్రీ ఫైల్ అను ఏర్పాటు 2003 నుండి కలదు. ఇందులో ప్రశ్నలకు సమాధానములు వ్రాయుచు పోయినచో లెక్క దానంతట అదే సిద్ధమగును. కాగితముపై సంతకమునకు బదులుగా ఐదంకెల సంఖ్య నొకదానిని తానే యేర్పరచుకొని, గుర్తింపునకై గడచిన యేటి రిటర్నులోని ఆదాయపు మొత్తమును వ్రాయవలెను. గడచిన యేట రిటర్ను వేయనివాడు ఆ చోట సున్న వ్రాయవలెను. ఈ చిన్న సంగతి తెలియక, ఏదో యొక మొత్తము వ్రాసినచో రిటర్ను తిరిగివచ్చును.

మన ప్రాంతమువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు; అది పేరు. ఆంధ్రదేశమున ఇంటిపేరు వాడుకలో నున్నది. తమిళనాట మనము ఇంటిపేరును వదలి, తండ్రి పేరులోని మొదటి యక్షరమును ముందుంచుకొందుము. పాస్‌పోర్టు తీయునపుడు ఒకరు ఆ యక్షరమును విడదీసి తండ్రి పేరు పూర్తిగా వ్రాయుదురు. మరియొకరు కడపటి పేరు గడిని ఖాళీగా విడుతురు. అమెరికాలో కడపటి పేరులోని మొదటి నాలుగు అక్షరములును, సోషల్ సెక్యూరిటీ సంఖ్యయు వారి దస్తరములతో సరిపోవలెను. సరిపోనిచో యంత్రము రిటర్నును త్రోసివేయును. కావున పిలుచు పేరు, పత్రికపై ముద్రించు పేరు పక్కన పెట్టి, సోషల్ సెక్యూరిటీ కార్డుపై ఎట్లున్నదో అట్లే అక్షరము పొల్లు పోకుండ వ్రాయవలెను. పెండ్లి తరువాత పేరు మార్చుకొన్న ఆడపడుచులు ముందుగా ఆ కార్డుపై మార్పు చేయించుకొని పిమ్మట రిటర్నులో వ్రాయవలెను.

బ్యాంకు ఖాతా సంఖ్య ఇచ్చినవారికి సొమ్ము నేరుగా ఖాతాలో పడినది. ఇయ్యనివారికి తపాలాలో చెక్కు గాని డెబిట్ కార్డు గాని వచ్చినది. ఆ కార్డు సాదా కవరులో వచ్చుటచే ప్రకటనల కాగితమనుకొని పారవేసినవారును కలరు. చెక్కు జారీయైన తేదీనుండి ఒక సంవత్సరమే చెల్లును.

పొరపాటున వచ్చిన సొమ్ము

ఇప్పుడు మొదట చెప్పిన విద్యార్థి సంగతికి వత్తము. అతడు 2018లో ఎఫ్-1 వీసాపై వెళ్లెను. సహాధ్యాయులు వాడిన సాధనముతోనే 2019వ సంవత్సరపు రిటర్నును సిద్ధము చేసికొనెను. ఆ సాధనము నివాసుల కొరకు ఏర్పడినది. అది 1040 ఫారమునే పంపెను. ఆ ఫారమును చూచి ఐ.ఆర్.ఎస్. అతనిని నివాసిగా భావించి 1,200 డాలర్లు పంపెను. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. ఐనను రిటర్ను పై సంతకము చేయువాడు "ఇందలి దెల్ల సత్యము" అని ప్రమాణము చేయుచున్నాడు. రేపు వీసా మార్పునకో, గ్రీను కార్డునకో దరఖాస్తు పెట్టునపుడు వెనుకటి రిటర్నులు చూపవలసి రావచ్చును. 1,200 డాలర్ల కొరకు అట్టి సందేహమును మోయుట వివేకము కాదు.

దిద్దుబాటునకు మార్గము కలదు. సవరణకై 1040-ఎక్స్ అను ఫారమును, దానితో సరియైన 1040-ఎన్.ఆర్. ఫారమును జతచేసి పంపవలెను. సామాన్యముగా అనివాసులకు లేని ప్రామాణిక తగ్గింపు భారతీయ విద్యార్థులకు మాత్రము 1989లో ఉభయ దేశములు చేసికొన్న పన్ను ఒడంబడికలోని 21వ అధికరణమువలన లభించును. కావున సవరణవలన పన్ను పెద్దగా పెరుగునను భయము అక్కరలేదు. సహాయధనమును వేరుగా తిరిగి పంపవలెను. మార్చని చెక్కు అయినచో, దాని వెనుక సంతకము చేయు చోట రద్దు అని ఆంగ్లమున వ్రాసి, కారణము తెలుపు చీటీతో ఐ.ఆర్.ఎస్. తెలిపిన చిరునామాకు పంపవలెను. ఖాతాలో పడినదైనచో, అంతే మొత్తమునకు అమెరికా ఖజానా పేర చెక్కు వ్రాసి, అది ఏ సంవత్సరపు సహాయధనమో, తన సంఖ్య యేదో దానిపై గుర్తించి పంపవలెను.

ఆ విద్యార్థి అట్లే చేసెను. నా మాట నమ్మి నెలలు గడపినందుకు ఆ తండ్రి నన్ను ఒక మాటైనను అనలేదు. "అయ్యవారూ, మనది కానిది పోయినది, అంతే గదా" అనెను. కుమారుడు 2020 అక్టోబరులో హెచ్-1బి కి మారెను. 2021 సంవత్సరమంతయు నివాసి యయ్యెను; ఆ యేటి ఆదాయము 75,000 డాలర్లకు లోపుగా నుండెను. ఆ యేటి రిటర్నును సరియైన ఫారములో వేసి, 30వ వరుసలో 1,400 డాలర్లు కోరెను, అవి వచ్చినవి. మొదట వచ్చినది అతనికి చెందనిది. తరువాత వచ్చినది చెందినది. రెండింటికిని భేదము మనుష్యునిలో లేదు, అతడు వ్రాసిన ఫారములోను, లెక్కించిన దినములలోను ఉన్నది.

కాలపరిమితి, నేటి స్థితి

వాపసు కోరుటకు అమెరికా చట్టము సామాన్యముగా మూడేండ్ల గడువిచ్చును. మొదటి రెండు పర్యాయముల బాకీ కోరుటకు 2024 మే 17తోను, మూడవదానికి 2025 ఏప్రిల్ 15తోను గడువు తీరినది. 2021వ సంవత్సరపు రిటర్ను వేసియు 30వ వరుసను ఖాళీగా విడిచినవారు సుమారు 10 లక్షల మంది యున్నారని గుర్తించి, వారికి తలకు 1,400 డాలర్లకు మించకుండ, మొత్తము సుమారు 240 కోట్ల డాలర్లు తానే పంపుచున్నట్లు 2024 డిసెంబరులో ఐ.ఆర్.ఎస్. ప్రకటించినది. ఇంత పెద్ద సంఖ్యలో జనులు తమకు రావలసినదానిని ఒక గడి నింపకపోవుటచే వదలుకొనిరన్నమాట.

కావున ఈ మూడు చట్టముల సొమ్మును ఇప్పుడు ఇప్పింతుమని, రుసుము కట్టుడని ఫోనులో గాని సందేశముల ద్వారా గాని చెప్పువారిని నమ్మరాదు. ఐ.ఆర్.ఎస్. సామాన్యముగా మొదట లేఖ వ్రాయును. ఫోను చేసి బ్యాంకు వివరములు అడుగదు. బిడ్డలు దూరమున నున్నారని తెలిసి, వారి పేరు చెప్పి వృద్ధులైన తల్లిదండ్రులను మోసగించు ప్రయత్నములు జరుగుచున్నవి. సోషల్ సెక్యూరిటీ సంఖ్యను ఎవరికిని చెప్పవద్దు.

సొమ్ము సంగతి ముగిసినను, నేర్చుకొనవలసినది ముగియలేదు. అమెరికాలోని బిడ్డలకు మనము ఈ నాలుగు మాటలు చెప్పవచ్చును. ఏటేట తాము నివాసులో అనివాసులో దినములు లెక్కించి నిశ్చయించుకొనవలెను. ఆదాయము తక్కువైనను రిటర్ను వేయుటవలన లాభము కలదేమో విచారింపవలెను. పేరును కార్డుపై నున్నట్లే వ్రాయవలెను. వేసిన రిటర్నుల ప్రతులను, ప్రభుత్వము పంపిన లేఖలను భద్రపరచవలెను.

ఉపసంహారము

తెలుగు బోధించువాడు పన్ను లెక్కలను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకు మాత్రము ఈ రెండు విషయములు ఒకదాని కొకటి దగ్గరగానే కనిపించుచున్నవి. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. ఇంటిలో తెలుగు మాటలాడుచు, గణకుడు వచ్చి యడిగినపుడు వేరు భాష చెప్పిన కుటుంబములను మా పేటలోనే నేనెరుగుదును. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము తరువాత మన పాఠశాలలలో తెలుగు తరగతి నిలుచుట కష్టమైనది. ఆ తరగతిని నిలుపుమని అడుగుటకు మన చేతిలోనుండు ఆధారము ఆ సంఖ్యయే. ఖాళీగా విడిచిన 30వ వరుసకును, మనము చెప్పక విడిచిన మాతృభాషకును ఫలితము ఒక్కటే: ఉన్నదియు లేనట్లే లెక్కకు వచ్చును.

ప్రభుత్వము పంపు ఫారమును భయముతో గాని అలక్ష్యముతో గాని చూడక, ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయుట అచటి బిడ్డలకును ఇచటి మనకును సమానమైన ధర్మము. విజ్ఞులైన పాఠకులు ఇందలి లోపములను మన్నించి, ఈ వివరములను తమ యిండ్లలోని వృద్ధులకు చదివి వినిపింతురుగాక.